అప్పగింత వేరు, అంగీకారం వేరు: పనివాని బాధ్యతపై ఫిఖ్హ్ గ్రంథాలు, వాటి అనువాదాలు

పని ముగిసిన తరువాత దానిని ఎవరి చేతిలో పెట్టాలి? పైకి ఇది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. పని చేయించుకున్న యజమాని ఎదుటనే ఉంటే ఏ చిక్కూ లేదు. ఆయన చూస్తాడు, లోపముంటే చెబుతాడు, నచ్చితే తీసుకుంటాడు, లెక్క తేల్చి డబ్బు ఇస్తాడు. కాని చాలా సందర్భాలలో యజమాని ఎదుట ఉండడు. గద్వాలలో చీర నేసినవాడు దానిని సావుకారు గుమాస్తాకు ఇస్తాడు. వనపర్తిలో ఇల్లు కట్టిన మేస్త్రీ, యజమాని గల్ఫు దేశంలో ఉన్నందువల్ల, తాళంచెవిని ఇల్లు చూసుకునే మనిషి చేతిలో పెడతాడు. నాగర్‌కర్నూల్ ప్రాంతం నుంచి కాలువ పనికి కూలీలను తీసుకుపోయిన గుంపు మేస్త్రీ తవ్విన మట్టి కొలతను కాంట్రాక్టరు సూపర్‌వైజరుకు చూపిస్తాడు. మూడు చోట్లా పుచ్చుకునేవాడు యజమాని కాడు, యజమాని దగ్గర జీతగాడు.

ఆ తరువాత చీరలో లోపం బయటపడవచ్చు. ఇంటి గోడ చెమ్మ పట్టవచ్చు. కొలత తగ్గిందని కబురు రావచ్చు. అప్పుడు పనివాడు “మీ మనిషికి ఇచ్చేశాను” అంటాడు. యజమాని “వాడికేమి తెలుసు, నేను చూడలేదు” అంటాడు. మధ్యలో జీతగాడు “నన్ను తీసుకొమ్మన్నారు, తీసుకున్నాను” అంటాడు. ముగ్గురి మాటా నిజమే కావచ్చు. అయినా నష్టం ఎవరో ఒకరు భరించవలసి ఉంటుంది. సాధారణంగా ముగ్గురిలో బలహీనుడే దానిని భరిస్తాడు.

ఈ తగాదాకు ఇస్లామీ ధర్మశాస్త్రంలో స్పష్టమైన సమాధానం ఉన్నది. అయితే అది తెలుగు చదివే ముస్లిం పాఠకునికి అందలేదు. గ్రంథంలో లేనందువల్ల కాదు, గ్రంథం అతని వద్దకు వచ్చిన తీరువల్ల అందలేదు. ఈ లోపం ఎక్కడున్నదో, దాని ఫలితం పనివాని బ్రతుకులో ఎలా కనిపిస్తున్నదో పరిశీలించడం అవసరం.

రెండు సగాలైన గ్రంథం

హనఫీ ఫిఖ్హ్‌లో బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించిన ‘అల్-హిదాయా’కు ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. ఆయన హిజ్రీ 593లో, అనగా క్రీ.శ. 1197లో మరణించారు. నేటికీ భారతదేశపు మదర్సాలలో ఈ గ్రంథం పాఠ్యంగా ఉన్నది. దీనిని చార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషులోనికి అనువదించగా 1791లో లండన్‌లో నాలుగు సంపుటాలుగా వెలువడింది. ఆ అనువాదం నేరుగా అరబ్బీ నుంచి కాక, ఒక పారసీ అనువాదం నుంచి జరిగింది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి. హామిల్టన్ ఆరాధనల భాగంలో జకాత్‌ను మాత్రం ఉంచి, నమాజు, రోజా, హజ్ అధ్యాయాలను వదిలివేశాడు. కంపెనీ న్యాయస్థానాలకు కావలసింది వ్యాజ్యాలు తీర్చే భాగమే. నమాజుతో వారికి పనిలేదు.

తెలుగులో జరిగింది సరిగ్గా దీనికి విరుద్ధం. తెలుగులో ఫిఖ్హ్ పేరుతో వచ్చిన చిన్న పుస్తకాలు అధిక భాగం వుజూ, నమాజు, రోజా, జకాత్, హజ్‌ల దగ్గర మొదలై నికాహ్, తలాఖ్‌ల దగ్గర ఆగిపోతాయి. క్రయవిక్రయాలు, కూలి, ప్రతినిధిత్వం, అమానతు అనే అధ్యాయాలు వాటిలో ఒకటి రెండు పేజీలకు కుదించబడతాయి, లేదా పూర్తిగా లోపిస్తాయి. హామిల్టన్ కోర్టు కోసం ఒక సగం తీసుకున్నాడు. తెలుగు సంకలనకర్తలు మసీదు కోసం రెండవ సగం తీసుకున్నారు. గ్రంథకర్త మాత్రం రెండింటినీ ఒకే పుస్తకంలో వ్రాశారు. నమాజు చేసే మనిషి, చీర నేసే మనిషి ఆయన దృష్టిలో వేర్వేరు వ్యక్తులు కారు.

ఈ విభజన వల్ల ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. ధర్మం మసీదు గుమ్మం వరకేనని, గుమాస్తాకు చీర ఇచ్చే చోట, మేస్త్రీ కొలత చూపే చోట బజారు ఆచారమే చట్టమని చాలామంది అనుకుంటారు. అజాన్ వినగానే పని ఆపి లేచే మేస్త్రీయే, టైల్స్ కింద పైపు అతుకు సరిగా లేదని తెలిసి కూడా నోరు మెదపకుండా తాళంచెవి ఇచ్చివేయడం ఈ దురభిప్రాయం ఫలితమే.

మాటల తికమక

రెండవ లోపం అనువాదపు మాటలలో ఉన్నది. ఫిఖ్హ్ గ్రంథాలలో కూలిపనిని గూర్చిన అధ్యాయం పేరు ‘కితాబుల్ ఇజారా’. తెలంగాణలో ఇజారా అనగానే పెద్దలకు గుర్తుకు వచ్చేది నిజాం కాలపు ఇజారాదారు. గ్రామాలను గుత్తకు పట్టి శిస్తు వసూలు చేసినవాడు. కాబట్టి అధ్యాయం పేరు చదివిన పాఠకుడు అది భూముల గుత్తకు చెందినదని తలచి పేజీ తిప్పుతాడు. నేతగాడు, దర్జీ, చాకలి, రంగరేజు, ఇటుకలు చేసేవాడు, బరువు మోసేవాడు ఆ అధ్యాయంలోనే ఉన్నారని అతనికి తెలియదు.

‘హవాలా’ మాట కూడా ఇలాంటిదే. వాడుకలో హవాలా చేయడమంటే అప్పజెప్పడం. ఫిఖ్హ్‌లో హవాలా అంటే ఒకరి బాకీని మరొకరి మీదికి మార్చడం. వాడుక అర్థంతో ఫిఖ్హ్ అధ్యాయం చదివితే పని అప్పగించగానే బాధ్యత కూడా జీతగానికి మారిపోతుందనే తప్పుడు భావన కలుగుతుంది.

‘అజీర్’ అనే మాటను ‘కూలీ’ అని వ్రాసి ఊరుకోవడం మరింత నష్టం చేసింది. ఫిఖ్హ్‌లో అజీర్ రెండు విధాలు. తన కాలాన్ని ఒక్క యజమానికే ఇచ్చేవాడు అజీరె ఖాస్. అతడు హాజరై ఉంటే చాలు, జీతం వస్తుంది. పదిమందికి పనిచేసి, పని లెక్కన డబ్బు తీసుకునేవాడు అజీరె ముష్తరక్. పని పూర్తి అయితేనే అతనికి కూలి. ఈ తేడా తెలిస్తే తగాదా సగం విడిపోతుంది. గుమాస్తా, సూపర్‌వైజరు, ఇల్లు చూసుకునే మనిషి మొదటి రకం. నేతగాడు, మేస్త్రీ, గుత్తేదారు రెండవ రకం. ఇద్దరినీ ‘కూలీ’ అన్న ఒక్క మాటలో ఇరికిస్తే ఎవరి బాధ్యత ఎంతవరకో తేలదు.

అన్నిటికన్నా పెద్ద తికమక ‘అప్పగింత’ అనే మాటతో వచ్చింది. తెలుగులో ఈ ఒక్క మాట నాలుగు పనులను మోస్తున్నది. వస్తువును ఎదుటివాని అదుపులోనికి వదలడం తస్లీమ్. అతడు దానిని తన అదుపులోనికి తీసుకోవడం ఖబ్జ్. చూసి, ఒప్పందం ప్రకారం ఉన్నదని ఒప్పుకోవడం ఖబూల్. ఇకపై లోపమున్నా అడగనని విడిచిపెట్టడం ఇబ్రా. మొదటిది పనివాని చర్య. మిగిలిన మూడూ పుచ్చుకునేవానివి. కాని ఆ మూడింటికీ అర్హత ఒకటి కాదు. జీతగానికి ఖబ్జ్ చేసే అధికారం ఉండవచ్చు, ఖబూల్ అధికారం లేకపోవచ్చు. ఖబూల్ ఉన్నా, యజమాని హక్కును విడిచిపెట్టే అధికారం ఎంతమాత్రం ఉండకపోవచ్చు. వీటికి వరుసగా అప్పగింత, స్వాధీనం, అంగీకారం, హక్కు విడుపు అనే మాటలు వాడితే గ్రంథం తెలుగులోనూ సుబోధమవుతుంది.

చూసినవాడు ఎవడు?

మూడవ లోపం చదివే తీరుది. పనివాని బాధ్యతను వివరించదలచిన నేటి సంకలనకర్తలు సాధారణంగా ఇజారా అధ్యాయం దగ్గరే ఆగుతారు. యజమాని జీతగాని ప్రసక్తి అక్కడ పెద్దగా కనిపించదు. కాబట్టి దీనిని గూర్చి ఫిఖ్హ్ మౌనంగా ఉన్నదని భావిస్తారు. నిజానికి ‘హిదాయా’లో ఈ విషయం వేరే చోట ఉన్నది. క్రయవిక్రయాల భాగంలో, చూడని వస్తువును కొన్నవానికి చూసిన తరువాత ఉండే ఎంపిక హక్కును, అనగా ఖియారె రూయత్‌ను వివరించే చోట ఉన్నది.

అక్కడి ప్రశ్న ఇది. కొన్నవాడు స్వయంగా చూడలేదు, అతని తరఫున మరొకడు వెళ్లి చూసి తెచ్చాడు. ఆ చూపు కొన్నవాని చూపుతో సమానమా? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇక్కడ ఇద్దరిని వేరు చేశారు. స్వాధీనం చేసుకొమ్మని అధికారం పొందినవాడు వకీల్. కబురు మోసేవాడు రసూల్, అనగా దూత. వకీల్ చూపు యజమాని చూపే. అతడు చూసి తీసుకున్న తరువాత యజమాని “నేను చూడలేదు” అని తిప్పి పంపలేడు, దోషం ఉంటే తప్ప. దూత చూపుకు ఆ విలువ లేదు. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) మాత్రం ఈ విషయంలో ఇద్దరూ సమానమేనని, యజమాని హక్కు నిలిచే ఉంటుందని అన్నారు.

ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయానికి ‘హిదాయా’ చూపే కారణం గమనార్హం. స్వాధీనం రెండు విధాలు. వస్తువును కళ్లారా చూస్తూ తీసుకుంటే అది సంపూర్ణ స్వాధీనం. కప్పి ఉన్నదానిని అలాగే తీసుకుంటే అది అసంపూర్ణ స్వాధీనం. వకీల్ మూటను మూటగానే తీసుకుని, తరువాత ఎప్పుడో విప్పి చూసినందువల్ల యజమాని హక్కు పోదు.

ఈ సూత్రం అమ్మకానికి చెందినది. యజమాని ఇచ్చిన నూలుతో నేసే కూలిపనికి దీనిని అక్షరాలా అంటించడానికి వీలులేదు. అయినా స్వాధీనం అనే భావన రెండు చోట్లా ఒకటే. పనివాడు తన సామగ్రితో తయారు చేసి ఇచ్చే ఇస్తిస్నాకైతే ఇది మరింత దగ్గర. దీని నుంచి పనివానికి రెండు బాధ్యతలు తేలుతున్నాయి. పుచ్చుకునేవాడు వకీలా, దూతా అని ముందుగా తెలుసుకోవడం ఒకటి. వకీల్ అయినా సరే, తెరచి చూపి ఇవ్వడం రెండవది. మూసి ఇచ్చినవాడు సగమే ఇచ్చినట్లు.

గద్వాల చీర

ఈ భేదాలు గ్రంథాలకే పరిమితమని భావించేవారు గద్వాల మగ్గం దగ్గరికి వెళ్లి చూడాలి. సంప్రదాయ గద్వాల చీరలో ఒంటి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. నూలు ఒంటికి పట్టు అంచును నేతలోనే కలపడంలో నేతగాని నేర్పంతా ఉన్నది. పెట్టుబడి పెట్టే సావుకారు నూలు, పట్టు, జరీ ఇస్తాడు. నేతగాడు నేసి చీర లెక్కన కూలి తీసుకుంటాడు. గద్వాల, రాజోలి, అయిజ ప్రాంతాలలో చాలా కుటుంబాలు ఈ పద్ధతిలోనే బ్రతుకుతున్నాయి.

ఫిఖ్హ్ ప్రకారం ఈ నేతగాడు అజీరె ముష్తరక్. అతని చేతిలోని నూలు అమానతు. ఇమామ్ అబూ హనీఫా దృష్టిలో, తన చేతగాక మరే కారణంగా అది పాడైనా అతడు పరిహారం చెల్లించనవసరం లేదు. ఇద్దరు శిష్యులు అంతకన్నా కఠినంగా, తప్పించుకోలేని ఆపద వస్తే తప్ప అతడు చెల్లించవలసిందే అన్నారు. తన చేతి పనివల్ల పాడైతే మాత్రం ముగ్గురి దృష్టిలోనూ బాధ్యత అతనిదే. చెప్పిన కొలతకు విరుద్ధంగా నేస్తే యజమానికి ఎంపిక ఉన్నది. నూలుకు బదులు నూలు తీసుకోవచ్చు, లేదా బట్టనే తీసుకొని పనికి తగిన కూలి ఇవ్వవచ్చు. బట్ట తానే ఉంచుకొని, కూలి కూడా ఎగవేసే మూడవ దారి గ్రంథంలో లేదు.

నేతగానికి గ్రంథం మరొక హక్కు ఇచ్చింది. పని జాడ వస్తువు మీద నిలిచే పనివాడు, అనగా దర్జీ, రంగరేజు వంటివాడు, కూలి చేతికి వచ్చే వరకు వస్తువును తన దగ్గర పట్టి ఉంచుకోవచ్చు. బరువు మోసేవానికి ఈ హక్కు లేదు, ఎందుకంటే అతని పని జాడ వస్తువులో కనిపించదు. చీరలో నేత పనిని మించిన జాడ ఏముంటుంది? అయితే చీర గుమాస్తా చేతికి వెళ్లిన క్షణంలో ఈ హక్కు జారిపోతుంది. గుమాస్తాకు ఇవ్వడం నేతగానికి చిన్న విషయం కాదు. తన చేతిలోని ఏకైక హామీని వదులుకోవడమే. కాబట్టే ఆ క్షణంలో చీర మడత విప్పి, అంచు కలిసిన చోటు చూపి, లోపముంటే అక్కడే వ్రాయించుకొని ఇవ్వడం అతని బాధ్యత మాత్రమే కాదు, అతని రక్షణ కూడా. అలా చూసి తీసుకున్న తరువాత, కంటికి కనిపించే లోపానికి నెల గడిచాక కూలి కోయడానికి యజమానికి న్యాయం లేదు.

అప్పగింత క్షణం విలువ ఎంతో 2009 అక్టోబరు వరదలు చూపించాయి. కృష్ణా, తుంగభద్ర నదులు పొంగి, నాడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రాజోలి నీట మునిగింది. ఇళ్లతో పాటు మగ్గాలు పోయాయి. మగ్గం మీద ఉన్న సగం చీరల సంగతి ఫిఖ్హ్ ఎలా తేల్చుతుంది? వరద తప్పించుకోలేని ఆపద. కాబట్టి అందరు ఇమాముల దృష్టిలోనూ నేతగాడు నూలుకు జవాబుదారి కాడు. అయితే అప్పగించని పనికి అతనికి కూలి కూడా రాదు. యజమాని నూలు పోగొట్టుకుంటాడు, నేతగాడు శ్రమ పోగొట్టుకుంటాడు. అదే చీర ముందురోజు గుమాస్తా చూసి తీసుకొని ఉంటే నష్టమంతా యజమానిది, నేతగాని కూలి పైసాతో సహా బాకీ. ఒక్క రోజు తేడాలో ఒక కుటుంబపు నెల తిండి అటూ ఇటూ అవుతుంది. కాబట్టి చీర ఎప్పుడు చేతులు మారిందో తేదితో వ్రాసి ఉండడం ఆడంబరం కాదు.

వనపర్తి తాళంచెవి

ఇంటి పని చీరకన్నా భిన్నమైనది. చీర నేతగాని ఇంట్లో తయారవుతుంది. ఇల్లు యజమాని స్థలంలోనే లేస్తుంది. ‘హిదాయా’లో రొట్టె కాల్చేవాని ఉదాహరణ ఉన్నది. యజమాని ఇంట్లోనే రొట్టె కాల్చేవాడు దానిని పొయ్యి నుంచి తీయకముందే మాడిపోతే కూలి లేదు. తీసిన తరువాత అతని ప్రమేయం లేకుండా కాలిపోతే కూలి ఉన్నది, పరిహారం లేదు. యజమాని ఇంట్లో ఉంచడమే అప్పగింత అయింది. దీనిని బట్టి చూస్తే యజమాని స్థలంలో కట్టిన గోడ, స్లాబు పూర్తి అవుతున్నకొద్దీ ఆయన స్వాధీనంలోకే చేరుతాయి. బీగం వేసిన ఇంటి తాళంచెవి ఇవ్వడం ఇంటి అప్పగింతేనని ఫిఖ్హ్ అంటుంది. ఉస్మానీయ సామ్రాజ్యంలో అహ్మద్ జెవ్దెత్ పాషా ఆధ్వర్యంలో 1869 నుంచి 1876 వరకు రూపొందిన ‘మజల్లా’ కూడా దీనినే సూత్రీకరించింది.

మేస్త్రీలు ఇక్కడ పొరబడుతుంటారు. తాళంచెవి ఇస్తే స్వాధీనం పూర్తి అవుతుంది. అంగీకారం పూర్తి కాదు. కాపలా మనిషి తలుపు తీయగలడు, వేయగలడు. స్లాబులో ఇనుము ఎంత పడిందో, సంపు గోడకు సిమెంటు పాలు ఎంతో అతనికి తెలియదు. తెలిసినా వాటిని ఒప్పుకునే అధికారం అతనికి లేదు. అతడు దూత వంటివాడు. ఇస్తిస్నా విషయంలో ‘మజల్లా’ 392వ సూత్రం, ఒప్పందం కుదిరాక ఎవరూ వెనుకకు పోరాదని చెబుతూనే, పని వర్ణన ప్రకారం లేకపోతే చేయించుకున్నవానికి ఎంపిక ఉన్నదని అన్నది. తాళంచెవి కాపలా మనిషికి ఇచ్చినంత మాత్రాన ఆ ఎంపిక చావదు.

దాగిన లోపం సంగతి ఇంకా స్పష్టం. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిందని, వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పగా, జనం చూసేలా దానిని పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించారని, మోసం చేసేవానితో తనకు సంబంధం లేదని ప్రకటించారని ముస్లిం హదీసు గ్రంథం తెలుపుతున్నది. గమనించదగినది ఏమంటే వర్తకుడు అబద్ధం చెప్పలేదు, ధాన్యాన్ని తానే తడపలేదు. తడి కింద ఉన్నదని తెలిసి ఊరుకున్నాడు, అంతే. టైల్స్ కింద పైపు, ప్లాస్టరింగు కింద పగులు, మట్టి కింద పునాది అటువంటి తడి ధాన్యమే. తెలిసిన లోపాన్ని, తెలుసుకోగలిగిన మనిషికి చెప్పాలి. కాపలా మనిషికి చెప్పి బాధ్యత తీరిందనుకోవడం రాశి అడుగున చీటీ పెట్టడం వంటిది.

అలాగని ఇల్లు ఎప్పుడు బీటవారినా మేస్త్రీదే దోషమనడం కూడా అన్యాయం. వనపర్తి ప్రాంతంలో ఆటోమేటిక్ సైఫన్లకు పేరుపొందిన సరళాసాగర్ 1959లో ప్రారంభమైంది. 2019 డిసెంబరు 31న దాని కట్టకు గండి పడింది. అరవై ఏళ్ల తరువాత తెగిన కట్టకు కట్టినవానినే బాధ్యుని చేయడానికి ఎవరూ సాహసించరు. స్వాధీనం చేసుకున్నవానికి కాపాడుకునే బాధ్యత కూడా ఉంటుంది. అప్పగింత నాటికే ఉన్న లోపం పనివానిది, తరువాత పుట్టినది యజమానిది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడో చెప్పగలిగింది అప్పగింత నాటి కాగితం ఒక్కటే.

నాగర్‌కర్నూల్ మట్టిదిమ్మ

పాలమూరు కూలీలు తవ్వని కాలువ, మోయని కట్ట దేశంలో తక్కువ. వారిని తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఒక వైపు కాంట్రాక్టరుకు పనివాడు, మరొక వైపు కూలీలకు యజమాని. మట్టి తవ్వేటప్పుడు గుంటలో అక్కడక్కడ తవ్వకుండా దిమ్మలు వదులుతారు. దిమ్మ ఎత్తును బట్టి ఎంత లోతు మట్టి పోయిందో తెలుస్తుంది. కొలత అయ్యాక దిమ్మలను కూడా తీసివేస్తారు. అంటే ఇక్కడ సాక్ష్యం పనితో పాటే మాయమవుతుంది. చీర మిగులుతుంది, ఇల్లు మిగులుతుంది, దిమ్మ మిగలదు.

కాబట్టి ఇక్కడ పుచ్చుకునే జీతగాని అధికారం మరింత ముఖ్యం. ప్రభుత్వ పనులలో ఇంజనీరు కొలతల పుస్తకంలో నమోదు చేస్తాడు, పై అధికారి దానిని మళ్లీ సరిచూస్తాడు. ఎవరి చూపుకు ఎంత విలువో అక్కడ ముందే నిర్ణయమై ఉన్నది. ఇది వకీలు, దూతల భేదమే. కాని కాంట్రాక్టరుకూ గుంపు మేస్త్రీకీ మధ్య తరచు ఇటువంటి పుస్తకం ఉండదు. సూపర్‌వైజరు టేపు పట్టి చూసి తల ఊపుతాడు, దిమ్మలు తీసివేస్తారు, నెల తరువాత కొలత తగ్గిందని కబురు వస్తుంది. ఆ తల ఊపుకు అధికారం ఉన్నదా లేదా అని మేస్త్రీ దిమ్మలు తీయకముందే తేల్చుకోవలసింది.

పని ఎక్కడ ముగిసిందన్నది కూడా ముందే తేలాలి. ఇటుకలు చేసేవానికి కూలి ఎప్పుడు బాకీ పడుతుంది? ఇటుకలను నిలబెట్టగానే అని ఇమామ్ అబూ హనీఫా, దొంతిగా పేర్చిన తరువాత అని ఇద్దరు శిష్యులు అన్నారు. దొంతి పేర్చే వరకు ఇటుక చెడిపోయే భయం తీరదని, పేర్చడం కూడా పనిలో భాగమేనని శిష్యుల వాదన. పండితులు ఇటుక దొంతి గురించి ఇంత వాదించడం వింతగా తోచవచ్చు. ఆ వాదన వెనుక ఎండలో నిలబడిన ఒక కూలీ ఉన్నాడు. అతని కూలి ఏ ఘడియలో హక్కుగా మారుతుందో తేల్చడమే వారి తాపత్రయం. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధకు అది వివరణ.

ఇక్కడే లంచం ప్రవేశిస్తుంది. సూపర్‌వైజరు చేతిలో ఏదైనా పెడితే కొలత పెరుగుతుంది, లోపం కనిపించదు. దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్‌బియ్యా తిరిగి వచ్చి, ఇంత మీకు, ఇంత నాకు వచ్చిన కానుక అన్నప్పుడు, అతడు తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ఆయన ప్రశ్నించిన సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. సూపర్‌వైజరుకు కానుక అతని ముఖం చూసి రాదు, యజమాని ఇచ్చిన అధికారం చూసి వస్తుంది. కాబట్టి దానితో కొన్న అంగీకారం అంగీకారమే కాదు. పుచ్చుకున్నవాడు యజమానికి ద్రోహం చేశాడు, ఇచ్చినవాడు ఆ ద్రోహానికి తోడయ్యాడు. కాగితం మీద సంతకం ఉన్నా అల్లాహ్ దగ్గర ఆ పని ఇంకా అప్పగించబడలేదు.

చట్టం, ధర్మం

దేశ చట్టం ఈ విషయంలో ఫిఖ్హ్‌కు దూరంగా లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 229వ సెక్షను ప్రకారం, యజమాని పని నడిపే క్రమంలో ఏజెంటుకు తెలిసిన విషయం యజమానికి తెలిసినట్లే. 237వ సెక్షను ప్రకారం, తన ఏజెంటుకు అధికారం ఉన్నదని ఎదుటివారు నమ్మేలా మాటతో గాని, నడతతో గాని చేసిన యజమాని, తరువాత అధికారం లేదని తప్పించుకోలేడు. ఏళ్ల తరబడి గుమాస్తా చేతనే చీరలు తీసుకునే సావుకారు, నష్టం వచ్చిన రోజున “గుమాస్తాకు ఆ అధికారం లేదు” అనడం చట్టం ముందు నిలవడం కష్టం, ధర్మం ముందు అసలే నిలవదు.

అయినా రెండింటికీ ఒక తేడా ఉన్నది. ఫుఖహా తీర్పును రెండుగా చూశారు. ఖాజీ ముందు నిలిచేది ఖజా. మనిషికీ అల్లాహ్‌కూ మధ్య నిలిచేది దియానత్. ‘మజల్లా’ న్యాయస్థానం కోసం తయారైన స్మృతి కాబట్టి సహజంగా మొదటిదానినే చెబుతుంది. దానినే ఇస్లామీ ఒప్పంద ధర్మమంతా అని పరిచయం చేసే రచనలు పొరబడుతున్నాయి. జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1992 నాటి తీర్మానం ఇస్తిస్నా ఉభయులకూ కట్టుబాటేనని, ఆలస్యానికి జరిమానా షరతు పెట్టుకోవచ్చని, అనివార్య పరిస్థితులకు మినహాయింపు ఉన్నదని తేల్చింది. అది అవసరమైన తీర్పే. కాని లోపం బయటపడదని తెలిసి కూడా చెప్పే మేస్త్రీని ఏ జరిమానా తయారు చేయలేదు. ఆ పని ఈమాన్‌ది.

ఈ ధర్మం ముస్లిముల మధ్య లావాదేవీలకే పరిమితం కాదు. ప్రవక్త (స) హిజ్రత్ ప్రయాణానికి దారి చూపే కూలికి ముస్లిం కాని వ్యక్తిని నియమించుకున్నారు. మక్కా ప్రజల అమానతులను తిరిగి ఇవ్వడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. తనను ఊరి నుంచి వెళ్లగొట్టినవారి సొమ్మును ఎవరి చేత, ఎవరికి అప్పగించాలో ఆ రాత్రి కూడా ఆయన ఏర్పాటు చేశారు. అప్పగింతకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ వెదకనక్కరలేదు.

చేయవలసినది

పైన పరిశీలించిన దానిని బట్టి పనివాని బాధ్యతలు ఐదుగా తేలుతున్నాయి. మొదటిది, పని మొదలుపెట్టే నాడే దానిని ఎవరు పుచ్చుకుంటారో, వారి అధికారం స్వాధీనం వరకేనా, అంగీకారం కూడా ఉన్నదా అని యజమానినే అడిగి తెలుసుకోవాలి. రెండవది, మూసి కాక, తెరచి చూపి ఇవ్వాలి. మూడవది, తనకు తెలిసిన లోపాన్ని యజమానికి చేరే విధంగా చెప్పాలి. జీతగాడు అడగలేదన్నది సాకు కాదు. నాలుగవది, తేది, కొలత, లోపాలు వ్రాసి ఇద్దరు సాక్షుల ఎదుట ఇవ్వాలి. గడువు గల బాకీని వ్రాసుకొమ్మని బఖరా సూరా 282వ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తున్నది. తరువాత వచ్చే కూలి బాకీ కాక మరేమిటి? ఐదవది, పుచ్చుకునే జీతగానికి ఏ కానుకా ఇవ్వరాదు.

యజమాని బాధ్యత కూడా తక్కువ కాదు. ఖసస్ సూరా 26వ ఆయతులో హజ్రత్ మూసా (అలై)ను పనికి పెట్టుకొమ్మని చెప్పిన యువతి పనివానిలో రెండు గుణాలను పేర్కొన్నది: శక్తి, విశ్వసనీయత. పని పుచ్చుకోవడానికి పంపే మనిషిలో కూడా ఈ రెండూ ఉండాలి. నమ్మకస్తుడైనా పని తెలియనివాడు లోపాన్ని చూడలేడు. పని తెలిసినా నమ్మకం లేనివాడు చూసినదానిని అమ్ముకుంటాడు. అటువంటివానిని పంపి, తరువాత నష్టాన్ని పనివాని కూలిలో కోయడం జులుమ్.

అనువాదకుల ముందు ఉన్న పని కూడా స్పష్టమే. ఇజారా, వకాలత్, ఖియార్, ఇస్తిస్నా అధ్యాయాలు నాలుగు చోట్ల చెదిరి ఉన్నాయి. నేతగాడు, మేస్త్రీ, గుత్తేదారు చదవగలిగేలా వాటిని ఒక్క చోటికి తెచ్చి, నాలుగు చర్యలకు నాలుగు మాటలు స్థిరపరచి తెలుగులో పెట్టాలి. నమాజు పుస్తకం పక్కన ఆ పుస్తకం కూడా ఇంట్లో ఉంటే, హామిల్టన్ ఒక వైపు, తెలుగు సంకలనకర్తలు మరొక వైపు విడదీసిన గ్రంథం మళ్లీ ఒకటవుతుంది. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. ఈ జ్ఞానం కూడా ఒక అమానతే. దాని హక్కుదారులు మగ్గం దగ్గర, మట్టిగుంట దగ్గర ఉన్నారు.